గోరుచుట్టూ, పాలకోవా

"పాలు బాగా మరిగించి పొద్దున్నే కోవాబిళ్లలు చేశాను. సాయంకాలం తిన్న పిల్లలందరికీ మూడు గంటలలో వాంతులు పట్టుకున్నాయి. అంతగా కాగిన పాలలో క్రిములెలా బతికాయండీ?" అని ఒక సోదరి అడిగారు. ఆ వారం తనకు గోరుచుట్టు లేచిందని చివర రాశారు. జవాబు చాలావరకు ఆ చివరి మాటలోనే ఉన్నది.

పాలలోని క్రిములు కాగినప్పుడే చచ్చి ఉంటాయి. చల్లారిన కోవాను బిళ్లలు చేసిన వేళ్ళ నుంచి కొత్తవి చేరి ఉంటాయి. వీటిని స్టాఫిలోకాకస్ అంటారు. ఆరోగ్యవంతుల ముక్కులోనూ, చర్మం మీదా కూడా ఉంటాయి. గోరుచుట్టు, సెగగడ్డల చీములో మరీ ఎక్కువ. పగలంతా బయట ఉంచిన కోవా వాటికి విందుభోజనం. పెరుగుతూ విషాన్ని వదులుతాయి. తిరిగి వెచ్చబెడితే క్రిమి చస్తుంది గాని, విషం చావదు. వాంతులు తెప్పించేది అదే. సాధారణంగా ఒక రోజులో తగ్గిపోతుంది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు కొద్దికొద్దిగా పట్టాలి.

ఈ జాతి విషాలకు మరో గుణం కూడా ఉన్నది. మన నెత్తురులోని టి-కణాలు కాపలా భటుల వంటివి. మామూలు శత్రువు వస్తే, దాన్ని ఆనవాలు పట్టగలవి పదివేలలో ఒకటో అరో లేస్తాయి. ఈ విషం నెత్తురులో కలిస్తే ఆనవాలుతో పనిలేకుండా నూటికి 20 దాకా ఒక్కసారి లేస్తాయి! దొంగను పట్టబోయిన జనం ఊరినే తొక్కేసినట్లవుతుంది. 1989లో అమెరికాలో ఫిలిప్పా మారక్, జాన్ కాప్లర్ల బృందం వీటిని 'సూపర్ యాంటిజెన్లు' అన్నది.

అంతకు ముందే, 1978లో, జేమ్స్ టాడ్ అనే డాక్టరూ, సహచరులూ ఏడుగురు పిల్లలలో చూసిన జబ్బుకు 'టాక్సిక్ షాక్' అని పేరుపెట్టారు. 1980లో అమెరికాలోనే, బహిష్టు రోజులలో ఎక్కువగా పీల్చుకొనే టాంపన్లు వాడిన యువతులకు అది వచ్చి, కొందరు మరణించారు. చిన్న గాయం నుంచి మగవారికీ, పిల్లలకూ రావచ్చు.

హఠాత్తుగా తీవ్రమైన జ్వరం, ఎండకు కమిలినట్లు ఒంటిమీద ఎర్రదనం, వాంతులు, విరేచనాలు, కళ్ళు తిరగడం, మాట తడబడడం - ఇవి కలిసి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. పుండు చిన్నదే గదా అని ఉపేక్షించకండి.

వేలికి పుండున్నన్నాళ్ళూ వంటపని మరొకరికి అప్పగించండి. ఇంట్లో మగవారూ ఉన్నారు గదా! గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. ఆ పోటు ఇంటిల్లిపాదికీ తగలనివ్వకండి.