కంటికి అందే అక్షరం

వినగలిగిన బిడ్డ బడిలో చేరేనాటికే తెలుగును చెవి ద్వారా నేర్చి ఉంటుంది. బడి ఆ మాటలకు లిపిని చూపితే చాలు. బధిర శిశువు స్థితి వేరు. భాషనూ లిపినీ ఒకేసారి, అదీ ముఖ్యంగా కంటితోనే నేర్చుకోవలసి ఉంటుంది. పెదవుల కదలికను చూచి గ్రహించవచ్చునని పలువురు భావిస్తారు. కాని పాట, బాట, మాట అనే మూడు పదాలకూ పెదవులు ఒకే తీరున కదులుతాయి! శ్రవణయంత్రం ధ్వనిని పెంచగలదే కాని భాషను ప్రసాదించలేదు.

తెలుగు విభక్తులు మరొక చిక్కు. సంకేత భాషలో ఇటువంటి సంబంధాలను చాలావరకు చేతుల దిశ, స్థానం, ముఖకవళికలు తెలుపుతాయి. అందుచేత బధిర విద్యార్థిని ‘అమ్మ సంత వెళ్ళింది’ అని వ్రాస్తే దానిని మందబుద్ధిగా ఎంచరాదు. అది రెండు భాషల నడుమ ఉన్న దూరం.

ఆ దూరాన్ని తగ్గించడానికి నేటి సాంకేతిక సాధనాలు పనికివస్తాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల తరగతి గదులలోకి 2023లో పెద్ద తాకుతెరలు వచ్చాయి. సంకేత భాషా పాఠాల కొరకు పి.ఎం. ఈ-విద్య 31వ ఛానెల్ 2024 డిసెంబరు 6న ప్రారంభమైంది. అయితే తెరపై అక్షరాలు లేని పాఠం బధిర విద్యార్థికి మూగబొమ్మలాట మాత్రమే. సంకేతమూ, దానికి సరియైన తెలుగు వాక్యమూ పక్కపక్కనే కనిపించాలి.

భారతీయ సంకేత భాషా నిఘంటువు 2021 నాటికి పదివేల పదాలకు చేరింది. అది గొప్ప కృషియే. కాని కర్నూలు పల్లె బాలిక చదువు కొర్ర, జొన్న, వంక, మిద్దె వంటి తాను ఎరిగిన మాటలతో మొదలు కావాలి. ఒకనాడు కడపలో బ్రౌన్ దొర సొంత ఖర్చుతో పండితులను నియమించి తాళపత్ర గ్రంథాలను పరిష్కరింపజేశాడు. 1852లో తెలుగు నిఘంటువు వెలువరించాడు. స్థానిక సంకేతాలను చిత్రీకరించి, వాటి కింద తెలుగు మాటలు చేర్చడానికి నేడు అంతటి వ్యయం అక్కరలేదు. ఒక సెల్‌ఫోను, ఓపిక గల ఉపాధ్యాయుడు చాలు.

అసలు కష్టం మరొకచోట ఉంది. కోసిగి, పెద్దకడబూరు వంటి మెట్టప్రాంతాల కుటుంబాలు పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతాయి. తెర బడిగోడకే ఉండిపోతుంది. బాలిక మిరపచేలో ఉంటుంది. పాఠాలను ఫోనులో ఎక్కించి ఇవ్వవచ్చునంటారు. ఆ ఫోను పగలంతా తండ్రి జేబులోనే ఉంటుంది. వలస పిల్లల వసతిగృహంలో సంకేత భాష తెలిసినవారు ఒక్కరైనా లేనిదే ఏ తల్లీ అటువంటి బిడ్డను అక్కడ విడిచి వెళ్ళదు. కొత్త తెరలకు ముందు ఆ ఒక్కరి జీతానికి నిధులు కేటాయించాలి.