ఆ రెండో వాకిలికి కాపలా ఎవరు?

పేటలో ఉన్న సహకార బ్యాంకుకి వెళ్తే మనసుకి ఓ నిశ్చింత. కౌంటర్లో కూర్చున్నాయనకి మన పేరు తెలుసు, మనబ్బాయి ఏం చదువుతున్నాడో కూడా తెలుసు. వోచరు తప్పు రాస్తే విసుక్కోకుండా ఆయనే దిద్దిపెడతాడు. ఆ చనువు చూసే కదా చీటీ పాడుకున్న డబ్బూ, అమ్మాయి పెళ్లికని దాచిన డిపాజిట్టూ అక్కడ వేశాం! పెద్ద బ్యాంకుల కంటే అర శాతం వడ్డీ ఎక్కువొస్తుందన్న ఆశా లేకపోలేదనుకోండి.

అయితే ఆ బ్యాంకుకి ఇప్పుడు రెండో వాకిలి వచ్చింది. అది వీధిలోకి కాదు, మన సెల్‌ఫోన్లోకి తెరుచుకుంటుంది. ముందు గుమ్మం దగ్గర గూర్ఖా ఉన్నాడు. మరి దీని దగ్గర?

2022 జనవరిలో హైదరాబాదులోని ఏపీ మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు కంప్యూటర్లలోకి దొంగలు చొరబడి దాదాపు పన్నెండున్నర కోట్లు తరలించుకుపోయారు. గడ్డపలుగు పట్టింది లేదు, తాళం పగలగొట్టింది లేదు. పోలీసులు చెప్పిన ప్రకారం, అంతకు రెండు నెలల ముందు బ్యాంకు ఉద్యోగులకి దొంగ ఈ-మెయిళ్లు రెండొందల దాకా వచ్చాయి. ఇద్దరు వాటిని తెరిచారు. అంతే! కంప్యూటర్ల రక్షణ నియమాలు పాటించలేదని 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకి 65 లక్షల జరిమానా వేసింది. 2018 ఆగస్టులో పుణెలోని కాస్మోస్ సహకార బ్యాంకులో పోయిందైతే ఏకంగా 94 కోట్లు.

చిన్న బ్యాంకులకి సొంత కంప్యూటర్ నిపుణులుండటం అరుదు. వెబ్‌సైటు ఒకరు చేసిపెడతారు, సాఫ్ట్‌వేరు మరొకరు అద్దెకిస్తారు. ఆ మీదట పట్టించుకునేవాళ్లుండరు. బ్రాంచికి గ్రానైటు పరిపించడానికి వెనకాడని పాలకవర్గం దీని దగ్గరికొచ్చేసరికి ‘ఇప్పుడంత ఖర్చెందుకు’ అంటుంది. పోయేది తమ డబ్బు కాదు కదా!

ఈమధ్య ఒక మంచి పని జరిగింది. 2025 అక్టోబరు 31 లోగా బ్యాంకులన్నీ, సహకార బ్యాంకులతో సహా, తమ వెబ్‌సైటు చిరునామాని ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’తో ముగిసేలా మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేరు ఇచ్చేది మన హైదరాబాదులో ఉన్న ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కటే. బ్యాంకు కానివాళ్లకి ఇవ్వదు. కాబట్టి ముందు ఆ తోక చూడండి. బ్యాంకు పేరు మొదట్లో పెట్టి, చివర ఇంకేదో తగిలించే టక్కరులుంటారు. తాళంకప్ప బొమ్మ చూసి నమ్మేయకండి. మనం టైపు చేసింది దారిలో ఎవరూ చదవరని మాత్రమే ఆ బొమ్మకి అర్థం. అవతల ఉన్నది దొంగే అయితే నేరుగా అతని చేతికే చేరుతుంది!

ఇక్కడ ఇంకో సంగతి. మనలో చాలామంది పొదుపు చేసే పరస్పర సహాయ సహకార సంఘాలు బ్యాంకులు కావు. వాటికి ఈ చిరునామా రాదు, అయిదు లక్షల డిపాజిట్ బీమా కూడా వర్తించదు. బోర్డు మీద పేరు ఎంత పెద్దదైనా సరే. ఆ బీమా అయినా బ్యాంకే చతికిలబడి మన డబ్బు ఇవ్వలేకపోతే తప్ప, దొంగ ఖాతా ఊడ్చేస్తే కాదు.

అలాంటిది జరిగితే ముందు 1930కి ఫోన్ చేయాలి, వెంటనే బ్యాంకుకి రాసివ్వాలి. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివాళ్ల మోసంతో డబ్బు పోయినప్పుడు, కబురందిన మూడు పనిదినాల్లో చెబితే ఆ నష్టం ఖాతాదారు మోయనక్కర్లేదని రిజర్వు బ్యాంకు 2017 డిసెంబరులోనే సహకార బ్యాంకులకి చెప్పింది. ఓటీపీ మనమే చెప్పేశామా, ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా మన ఖాతాలోదే. ‘ఆయన ఊరునుంచొచ్చాక చెబుదాం’ అని కూర్చుంటే ఆ మూడు రోజులూ ఇట్టే గడిచిపోతాయి.

సహకార బ్యాంకులో వాటా ఉంటే మనం ఉత్త ఖాతాదారులం కాదు, సభ్యులం. ఏటా సర్వసభ్య సమావేశానికి నోటీసు వస్తుంది. అది టీవీ మీద పడుంటుంది, లేదా ఇంట్లో మగవాళ్లెవరో వెళ్లి సంతకం పెట్టొస్తారు. ఈసారి మీరే వెళ్లండి. కంప్యూటర్ల రక్షణని కిందటిసారి ఎప్పుడు తనిఖీ చేయించారో, ఉద్యోగులకి దొంగ మెయిలు గుర్తుపట్టడం నేర్పారో లేదో, వెబ్‌సైటు కొత్త చిరునామాకి మారిందో లేదో అడగండి. జవాబు మినిట్సు పుస్తకంలో రాయమనండి. ఎజెండా చివర ‘అధ్యక్షుల అనుమతితో ఇతర విషయములు’ అని ఉంటుంది చూడండి, టిఫిను పొట్లాలు పంచడానికి ముందు... అప్పుడు లేవండి.