ఏంట్రా ఈ ఏడుపు?

2006లో ఓసారి మా రూమ్మేటు హెడ్‌ఫోన్స్ పిన్ను ఊడి, మై కెమికల్ రొమాన్స్ పాట గదంతా మోగింది. "ఏంట్రా ఈ ఏడుపు?" అన్నాన్నేను. వాడేమీ అనలేదు. మళ్ళీ ఎప్పుడూ నా ముందు ఆ పాటలు పెట్టలేదు.

మొన్న రిలీజు కోసం రాత్రంతా మేలుకున్నప్పుడు, ఊసుపోక ఈ "ఎమో" సంగతేంటో చదివాను. తీరా చూస్తే నేనన్న లాంటి వెక్కిరింపే ఆ సంగీతానికి పేరై కూర్చుంది!

1985 నాటికి వాషింగ్టన్ డీసీలో హార్డ్‌కోర్ పంక్ అంటే వేగం, అరుపులు, స్టేజి ముందు కొట్లాటలు. ఆ మొరటుతనంతో విసిగిన కుర్రాళ్ళు రైట్స్ ఆఫ్ స్ప్రింగ్, ఎంబ్రేస్ లాంటి బ్యాండ్లు పెట్టారు. గిటార్ల జోరు తగ్గలేదు కానీ, కోపం లోకం మీంచి సొంత మనసు మీదకి మళ్ళింది. దానికి "ఎమో" అని ముద్ర పడింది. ఎంబ్రేస్ గాయకుడు ఇయాన్ మెకాయ్‌కి ఆ మాటంటేనే చిరాకు. ఇరవై ఏళ్ళ తర్వాత మై కెమికల్ రొమాన్స్ వాళ్ళూ ఆ పేరు మాకొద్దన్నారు.

వెక్కిరింపుతో ఆగితే పర్లేదు. 2008 మార్చిలో మెక్సికోలోని కెరెతారో నగరంలో, కళ్ళ మీదకి జుట్టు పెంచుకున్న ఎమో పిల్లల్ని గుంపుగా చేరి కొట్టారు. వాళ్ళు చేసిన నేరమేంటో నాకైతే అర్థం కాలేదు.

అలాగని ఈ పాటల్ని నెత్తిన పెట్టుకోమని కాదు. వీటిలో అమ్మాయిలు మనుషులుగా కాక, మగాళ్ళ బాధకి కారణాలుగా మాత్రమే కనిపిస్తారని జెస్సికా హాపర్ అనే విమర్శకురాలు 2003లోనే పంక్ ప్లానెట్ పత్రికలో గట్టిగా రాసింది. ఒప్పుకోవాల్సిన మాటే. మన విరహగీతాల్లో మాత్రం ఏం తక్కువ?

నా మటుకు నాకు సిగ్గనిపించింది ఇంకోచోట. 1953 నాటి "దేవదాసు"లో ఘంటసాల గొంతు వింటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి నాకు. అదే దుఃఖాన్ని పక్క మంచం మీది కుర్రాడు ఎలక్ట్రిక్ గిటార్లో వింటే నవ్వాను. నాకు నచ్చిన పద్ధతిలో ఏడిస్తే కళ, లేకపోతే ఏడుపన్నమాట!

నిన్న వాడికి ఫోన్ చేసి, "వినదగ్గవేమన్నా ఉంటే పంపరా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. రాత్రికి పద్నాలుగు లింకులొచ్చాయి.