రత్నగంధికి డబ్బులెందుకండీ?

గట్టు పొడవునా రత్నగంధి వేద్దామని నర్సరీకి బయల్దేరేముందు ఒక్క మాట వినండి. రోడ్డు పక్క చెట్లకి ఎండిన కాయలు ఉంటాయి. పగిలి గింజలు రాలకముందే కోసుకోండి.

గింజ పెంకు మహా గట్టిది. మొదటిసారి నేను అలాగే నాటేసి, మొలవలేదని గింజని తిట్టుకున్నా. తప్పు నాది. ఉప్పు కాగితం మీద ఓ పక్క రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. ఉబ్బినవే నాటండి.

గింజ మొక్కకి తల్లివేరు లోతుకి దిగుతుంది, ఎండకి తట్టుకుంటుంది. అందుకే కవర్లో ఎక్కువ రోజులుంచకండి, వేరు చుట్టుకుపోద్ది.

హైబ్రిడ్ మందారాలకి ఈ పద్ధతి కుదరదు. గింజకి తల్లి రంగు వస్తుందన్న భరోసా లేదు, కొమ్మ నాటాలి లేదా అంటు కట్టాలి. ఒక్క మొక్కయితే కొనుక్కోండి, తప్పులేదు. వంద కావాలంటే మాత్రం గింజే రైతు దారి. ఏమంటారు?