ఒంటరి యాట, పాచికల తీర్పు

పాచికలనగానే మన యిండ్లలోని పెద్దలకు జూదము జ్ఞప్తికి వచ్చును. నలుడును, ధర్మరాజును రాజ్యములు కోల్పోయిన కథలు విన్నవారికి ఆ భయము సహజమే. కాలేజీలో చదువుచున్న తమ కుమార్తె రాత్రివేళ తలుపు మూసికొని, ఒక్కతెయే పాచికలు వైచుచు నోటుపుస్తకములో నేమో వ్రాసికొనుచున్నదనియు, ఇది తగునో తగదో తెలుపుమనియు నొక సోదరి మాకు జాబు వ్రాసినారు. పందెము లేనిదే జూదము కాదు. ఆ బాలిక యాడుచున్నది కథ.

ఈ యాటకు మూలము అమెరికా. 1974వ సంవత్సరమున గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అను నాటను ప్రకటించిరి. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుందురు. ఒకరు సూత్రధారి; తక్కినవా రొక్కొక్క పాత్ర వహింతురు. వేషము లేదు, రంగస్థలము లేదు, అంతయు మాటలే. తన పాత్ర యేమి చేయదలచెనో ఆడువారు చెప్పుదురు. జయాపజయములు సందిగ్ధమైన చోట పాచిక తీర్చును.

అయితే నలుగురు కూడుటయే కష్టము. మనకు తీరిక దొరకిన వేళ పొరుగామెకు పొయ్యిమీద పాలుండును! ఈ చిక్కు వారికిని తప్పలేదు కాబోలు, 1976లో రిక్ లూమిస్ "బఫెలో కాజిల్" అను పుస్తకమును ఒంటరివారికొరకే వ్రాసెను. అంకెలు వేసిన ఖండికలుండును. ఈ తలుపు తెరచినచో నొక ఖండికకు, ఆ తలుపు తెరచినచో మరియొకదానికి పోవలెను. 1982లో ఇంగ్లండున వెలువడిన "ది వార్‌లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్"లో నిట్టి ఖండికలు 400. పిల్లలకు ముచ్చటయే గాని, గ్రంథకర్త పెట్టని తలుపును మనము తెరవలేము.

ఆ కొరత తీర్చినవానిలో షాన్ టామ్‌కిన్ గారి "ఐరన్‌స్వోర్న్" మాకు నచ్చినది. 2018లో వెలువడిన యీ గ్రంథము కంప్యూటరులో చదువుకొను రూపమున నుచితముగనే లభించును. అదియొక చలిదేశము, అచటివారు ఇనుమును తాకి ప్రతిన పూనుదురు. సూత్రధారి లేడు. సందేహము కలిగినపుడు ఔను, కాదు అని బదులు వచ్చునట్లు ప్రశ్న వేసికొని, అది యెంత సంభవమో ముందుగా మనమే నిర్ణయించి, ఒకటి మొదలు నూరువరకు నొక యంకె తీయవలెను. సగపాలు సంభవమైనచో 51 మొదలు ఔనని యర్థము. అంతకంటె సంభవమైనచో 26 మొదలు.

మేమాడిన కథలో నొక స్త్రీ జ్వరపీడితమైన పల్లెకు మూలికలు చేర్తునని ప్రతిన పూనినది. ఏటిమీద వంతెన నిలిచియున్నదా? ఉండవచ్చుననియే తలచితిమి. వచ్చిన యంకె 19. వంతెన లేదు! ఇక నీట దిగవలసినదే. అప్పుడు ఆరు ముఖముల పాచిక నొకదానిని, పది ముఖములవానిని రెంటిని వేయవలెను. మొదటిదానిలో 4 పడగా, ఆమె దేహబలము 2 కూడి 6 అయినది. పదిముఖములవానిలో 3, 8 పడినవి. రెంటిని మించినచో సంపూర్ణజయము. ఒక్కదానినే మించుటచే జయమున్నను వెల చెల్లింపవలసి వచ్చినది. ఆమె యొడ్డు చేరెను, సగము మూలికలు ఏటిపాలయ్యెను.

ఎవరును చూచుట లేదు గదా, మరల వేసికొనరాదా యని యొక నెచ్చెలి మమ్మడిగినది. వేసికొనవచ్చును; అడ్డుపెట్టువా రెవరు? కాని యట్లు వైచిన క్షణముననే ఆ యేరు ఎండిపోవును. నవలలో రాబోవునది గ్రంథకర్త యెరుగును; ఇందెవరికిని తెలియదు, అదియే దీని రుచి.

అంతకంటె గట్టి చిక్కు తరువాత వచ్చినది. మిగిలిన మూలికలు పల్లెలో నెవరికీయవలెను? పసిబిడ్డలకా, ఆ బిడ్డలను సాకవలసిన తల్లులకా? దీనికిని పాచిక వేయవచ్చునేమో గాని మాకు మనసొప్పలేదు. వంతెన కూలుట మన చేతిలోనిది కాదు, మందు పంచుట మన చేతిలోనిది. నలుగురిలో నున్నచో "మీరే చెప్పుడు" అని యితరులపైకి నెట్టియుందుము. ఒంటరిగా నున్నపు డా వీలు లేదు. ఆ రాత్రి నోటుపుస్తకము ముందర చాలసేపు కూర్చుంటిమి. తుదకు తల్లులకే యిచ్చితిమి. మావారు మరునాడు విని, బిడ్డలకీయవలసినదని వాదించిరి. ఆ వాదమింకను తీరలేదు.

కనుక సోదరీ, మీ యమ్మాయి నోటుపుస్తకమును చాటున తెరచి చూడకుడు. అన్నము వడ్డించుచు "మీ కథ యెంతవరకు వచ్చినదే?" యని యడుగుడు, చెప్పిన వినుడు, చెప్పనిచో నూరకుండుడు. నిద్ర చెడునంతగా నాడినచో, నవల విషయమున నేమి చేయుదురో అదియే చేయుడు. ఒంటరితనముచే నీ యాటకు చేరినదో, ఆటకొరకే యొంటరిగా నున్నదో మీకు కొన్నాళ్లలో తెలియును. మొదటిదైనచో చూడవలసినది పాచికలను గాదు.

మీరును ఆడ దలచితిరేని, పది ముఖముల పాచికకై బజారునకు పోనక్కరలేదు. సున్న మొదలు తొమ్మిదివరకు చీట్లు వ్రాసి గ్లాసులో వేయుడు. పదుల స్థానమున కొకటి తీసి, దానిని మరల గ్లాసులో వైచి, ఒకట్ల స్థానమున కింకొకటి తీయుడు. రెండును సున్నలైనచో నూరు. ఒక్క చీటియే తీయు చోట సున్నను పదిగా నెంచవలెను. చీట్లు దళసరి యట్టతో చేయుట మేలు. పలుచని కాగితమైనచో వెనుకనుండి యంకె కనబడును.