పక్కదాన్ని చూసి నడిచే మిషన్లు

జొన్న చేను మీద గోరింకల గుంపు వాలడం మీరు చూసే ఉంటారు. వేల పిట్టలు ఒక్కసారే లేస్తాయి, ఒక్కసారే మలుగుతాయి. ముందుండి నడిపించే పెద్ద పిట్ట ఏదీ ఉండదు. రోమ్ నగరం మీద ఎగిరే గోరింకలను ఫొటోలు తీసి లెక్కగట్టిన శాస్త్రవేత్తలు 2008లో తేల్చిందేమంటే, ఒక్కో పిట్ట తన పక్కనున్న ఆరేడు పిట్టలను కనిపెట్టుకొని ఎగురుతుంది. గుంపు నడవడానికి అంతే చాలు.

ఈ కిటుకునే మిషన్లకు నేర్పుతున్నారు. 2014లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో రాధికా నాగ్‌పాల్ బృందం 1,024 చిట్టి రోబోలను బల్లమీద వదిలింది. ఒక్కోటి రూపాయి బిళ్లకన్నా కొంచెం పెద్దది. ఏ ఆకారంలో నిలబడాలో మొదట ఒకసారి చెప్పి వదిలేశారు. ఆపైన పక్కదానితో కంటికి కనబడని వెలుతురుతో సైగ చేసుకుంటూ, దూరం చూసుకుంటూ అవే నక్షత్రంలా నిలబడ్డాయి. సుమారు పన్నెండు గంటలు పట్టిందట. ఎడ్లబండే నయమంటారేమో!

అయినా ఈ సంగతి మన గోదావరిఖని వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. బాయిల దిగిన కార్మికునికి ఉపగ్రహం సిగ్నల్ అందదు. ముందున్నవాని నెత్తిమీది లైటు చూసి నడుస్తడు.

మరి చేన్ల సంగతి? 15 వేల మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకాన్ని కేంద్రం 2023లో ప్రకటించింది. మందు కొట్టే డ్రోన్లు ఎక్కువగా ఉపగ్రహ సంకేతాన్ని పట్టుకొని, ముందే గీసిన గీత మీద పోయేవే. మనవేమో ఎకరం, అరెకరం మడులు. నడుమ తాడిచెట్లు, కరెంటు తీగలు. పక్క చేన్లో కలుపు తీసే ఆడమనిషి ఉపగ్రహానికి కనబడదు. మందు కొట్టే మిషన్‌కు కనబడాలె. రేపు ఒకటి కాదు, నాలుగైదు కలిసి వస్తే ఒకదాన్నొకటి కూడా చూసుకోవాలె. నా వాదన ఇదే.

ఇందులోనూ చిక్కుంది. పక్కదాన్ని చూసి నడిచేదానికి గొర్రెదాటు తప్పదు. ఒకటి తప్పు చూస్తే మిగతావీ అటే పోతాయి. అందుకే అన్నింటినీ ఒక్కసారే ఆపే మీట రైతు చేతిలో ఉండాలె. వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు, మంథని ఇంజినీరింగు కళాశాల పిల్లలు కలిసి ఇలాంటివాటిని మన పత్తి చేన్లలోనే పరీక్షించి చూడాలె.

అమ్మవచ్చినవాణ్ని రెండే అడగండి. సిగ్నల్ పోతే ఇది ఏం చేస్తది? మనిషి అడ్డమొస్తే ఎంత దూరంలో ఆగుతది? నోటిమాట వద్దు, డబ్బాలో మంచినీళ్లు పోసి చేన్లో ఆడించి చూపమనండి.