మొదటినుంచీ అంతేనా?

పటమటలో మా బాబాయి ఇంట్లో ఒక పాత కంప్యూటరున్నది. 2003లో కొన్నది. విండోస్ ఎక్స్‌పీతో ఇంట అడుగుపెట్టింది, నేటికీ దానితోనే నడుస్తున్నది. ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. ఆ తరువాత దానికి అంతర్జాలపు తీగ తగిలించవద్దని నేనే చెప్పాను. కనుక బయటి లోకంతో దానికిప్పుడు సంబంధం లేదు. ఉన్న సంబంధమంతా పిన్ని పాటలతోనే. ఆమె పాడుతూ ఉంటే బాబాయి పక్కన కూర్చుని టైపు చేసిన మంగళహారతులూ, అప్పగింతల పాటలూ, తలుపుదగ్గరి పాటలూ వందకు పైగా అందులో ఉన్నాయి.

పిన్ని పోయి ఏడాది కావస్తున్నది. సంవత్సరీకానికి వచ్చే ఆడపడుచులకు ఆ పాటలను చిన్న పుస్తకంగా కుట్టించి ఇవ్వాలని బాబాయి కోరిక. మొన్న వెళ్ళినప్పుడు, "బయట అచ్చువేయించడం ఎందుకు బాబాయ్, ఇంట్లోనే ప్రింటు తీసుకోవచ్చుగా" అన్నాను.

"అందులో ప్రింటు రాదురా. మొదటినుంచీ అంతే" అన్నాడు, చాలా మామూలుగా.

ఆ మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. కంప్యూటరు ముందు కూర్చుని సర్వీసుల జాబితా తెరిచి చూశాను. ప్రింట్ స్పూలర్ అన్న వరుసకు ఎదురుగా డిసేబుల్డ్ అని ఉంది. ఒక్క క్షణం తరువాత జ్ఞాపకం వచ్చింది. ఆ పని చేసినవాణ్ణి నేనే.

ఈ సంగతి తెలియని చదువరుల కోసం రెండు ముక్కలు. సర్వీసులంటే మన కంటికి కనబడకుండా తెరవెనుక పనిచేసే ప్రోగ్రాములు. ఎక్స్‌పీలో ఇవి డెబ్భై ఎనభై దాకా ఉంటాయి. ఒకటి ధ్వనిని చూసుకుంటుంది, ఒకటి కొత్తగా తగిలించిన పరికరాలను గుర్తుపడుతుంది, ఒకటి ముద్రణకు పంపిన కాగితాలను వరుసలో నిలబెడుతుంది. ప్రతిదానికీ మూడు స్థితులు. ఆటోమేటిక్ అంటే యంత్రంతో పాటే లేచి పనిలో దిగేది. మాన్యువల్ అంటే పిలిచినప్పుడు వచ్చేది. డిసేబుల్డ్ అంటే పిలిచినా గడప దాటి రాకూడనిది. రిజిస్ట్రీలో ఈ మూడింటినీ 2, 3, 4 అనే అంకెలుగా రాసుకుంటుంది యంత్రం.

ఆ రోజుల్లో ఎక్స్‌పీకి కనీసం 64 ఎంబీ, సౌకర్యంగా ఉండాలంటే 128 ఎంబీ జ్ఞాపకశక్తి కావాలనేవారు. బాబాయి కంప్యూటరుకున్నది సరిగ్గా ఆ 128. ఆ ఇరుకులో నాలుగైదు ఎంబీలు మిగలడమంటే మాటలు కావు. అందుకే "ఈ సర్వీసులు ఆపేయండి, మీ కంప్యూటరు పరుగులు తీస్తుంది" అనే జాబితాలు అంతర్జాలంలో వెల్లువెత్తాయి. 2006 సంక్రాంతికి పటమట వెళ్ళినప్పుడు అలాంటి జాబితా ఒకటి నా జేబులో ఉంది. ఇంట్లో ప్రింటరు లేదు కదా, స్పూలరెందుకన్నాను. కిటికీలకు ఆ నీలిరంగు సోకెందుకని థీమ్స్ ఆపాను. మాన్యువల్ అన్నవన్నీ అక్కరలేనివే అనుకుని వాటినీ 4కు మార్చాను. పండుగ మూడురోజులూ కంప్యూటరు నిజంగానే చురుకుగా లేచింది. బాబాయి మెచ్చుకున్నాడు. నేను హైదరాబాదు బస్సెక్కాను. ఏమేం మార్చానో ఒక్క చీటీముక్క మీద కూడా రాయలేదు.

ఆ తరువాత జరిగిందంతా నాకు మొన్ననే తెలిసింది. 2009లో బాబాయి ఒక చిన్న లేజరు ప్రింటరు కొన్నాడు. ఎంత ప్రయత్నించినా అది కంప్యూటరుకు అంటుకోలేదు. చూసిపోయిన కుర్రాడు యంత్రం పాతదన్నాడు. ప్రింటరు అట్టపెట్టెతో సహా అటకెక్కింది. ఎవరింట పెళ్ళి జరిగినా పిన్ని ఆ తెర ముందు కూర్చుని, అక్షరాలు పెద్దవి చేయించుకుని, పాటలను నోటుపుస్తకంలోకి చేత్తో ఎత్తిరాసి పెళ్ళికూతురి తల్లికి ఇచ్చేదట. వేళ్ళు వంకరపోయిన తరువాత కూడా రాసేదట. నన్ను అడగవచ్చు గదా అంటే, "నువ్వు బాగుచేసి వెళ్ళిన కంప్యూటరే కదరా, లోపం అందులో ఉంటుందని ఎవరనుకుంటారు" అన్నాడు బాబాయి.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. రాసిపెట్టకుండా చేసిన మార్పు కొన్నాళ్ళకు స్వభావంగా చలామణీ అవుతుంది. చేసినవాడు మరచిపోతాడు. అనుభవించేవాడు అది యంత్రపు పుట్టుకతో వచ్చిన అవలక్షణమనుకుంటాడు. మార్చడం తప్పని నేననడం లేదు. మరొకరి యంత్రాన్ని, వారికి తెలియని చోట, ఆనవాలు మిగల్చకుండా మార్చడం తప్పు.

సరే, స్పూలర్ ఒక్కటీ తిరిగి ఆటోమేటిక్ చేసి లేచిపోవచ్చు. కాని నేను ఆపినవి ఇంకెన్ని? ఏది నేను ఆపాను, ఏది మొదటినుంచే ఆగి ఉంది? అన్నింటినీ మునుపటి స్థితికి తెచ్చే మీట ఎక్స్‌పీలో లేదు. ఎంఎస్ కాన్ఫిగ్‌లో అన్నింటికీ టిక్కు పెట్టే వీలుంది గాని, అన్నీ నడవడం వేరు, మొదట ఉన్నట్టు నడవడం వేరు.

వెనక్కు తీసుకుపోయే దారులుగా యంత్రం పెట్టుకున్నవి ఒక్కొక్కటే తలచుకున్నాను. సిస్టం రిస్టోర్ ఉంది. కాని అది తన పాత గుర్తులను మామూలుగా తొంభై రోజులకు మించి దాచుకోదు. పైగా దాన్ని ఆపితే ఉన్న గుర్తులన్నీ చెరిగిపోతాయి. నా జేబులోని జాబితా మొట్టమొదట ఆపమన్న వాటిలో అదీ ఒకటి! ఎక్కిన నిచ్చెనను తన్నేయడమంటే ఇదే. రెండోది, ఎఫ్8 నొక్కితే కనిపించే లాస్ట్ నోన్ గుడ్ కాన్ఫిగరేషన్. చివరిసారి యంత్రం సవ్యంగా లేచినప్పటి అమరిక అది. కాని సవ్యంగా లేవడమంటే ఏమిటి? లోపలికి ప్రవేశించగలిగితే చాలు, అప్పటి అమరికే కొత్తగా మంచిదైపోతుంది. 2006 సంక్రాంతి మర్నాడు బాబాయి మామూలుగా లోపలికి ప్రవేశించిన క్షణాన, నా తప్పు యంత్రం దృష్టిలో ఒప్పయిపోయింది. మనుషుల జ్ఞాపకానికీ దీనికీ పెద్ద తేడా కనబడలేదు నాకు.

మూడోది, అందరూ చెప్పే సలహా: అంతా చెరిపేసి ఎక్స్‌పీని మళ్ళీ ఎక్కించడం. ఇక్కడే నాకు చెయ్యాడలేదు. ఎక్స్‌పీలో గౌతమి ఖతి ఉన్నా, సంక్లిష్ట లిపుల మద్దతు వేయకపోతే తెలుగు సరిగా కనబడేది కాదు. రీజనల్ సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ గడిలో టిక్కు పెట్టి, సీడీ తిప్పితేగాని ఒత్తులు ఒత్తుల్లా, గుణింతాలు గుణింతాల్లా నిలిచేవి కావు. ఆ బాధ విస్టాతో, అంటే 2007తో గాని తీరలేదు. ఎక్స్‌పీ మొదటి అమరికలో మన భాషకు పీట లేదు. తెలుగువాళ్ళం ఆ అమరికను మార్చుకునే మన అక్షరాలను చూసుకున్నాం. కాబట్టి మొదటి స్థితి పవిత్రమనీ, దాన్ని తాకరాదనీ ఎవరన్నా నేనొప్పుకోను. అంతా చెరిపేస్తే నా తప్పులతో పాటు బాబాయి పదేళ్ళకు పైగా కుదుర్చుకున్న ఒప్పులు కూడా పోతాయి. చెడిన మార్పు నుంచి మంచి మార్పును విడదీయాలంటే కావలసింది ఒక్కటే, ఏది ఎప్పుడు ఎందుకు మారిందన్న పట్టిక. అదే నా దగ్గర లేదు.

చివరకు ఆదుకున్నది యంత్రమే. విండోస్ ఫోల్డరులో రిపేర్ అనే చిన్న ఫోల్డరుంటుంది. ఎక్స్‌పీ స్థాపన ముగిసిన నాటి రిజిస్ట్రీ ప్రతి అందులో ఉంటుంది. ఎవరూ కదిలించకపోతే అది అలాగే పడి ఉంటుంది. యంత్రం పుట్టిననాటి జాతకచక్రమన్నమాట. దాన్ని రిజిస్ట్రీ ఎడిటర్‌లో లోడ్ హైవ్ ద్వారా విడిగా తెరిచి, అందులోని సర్వీసుల అంకెలను నేటి అంకెలతో పోల్చి చూశాను. అక్కడ 2, ఇక్కడ 4. అక్కడ 3, ఇక్కడ 4. విండోస్ ఇన్‌స్టాలర్ ఒక ఉదాహరణ. అది మాన్యువల్‌గానే ఉండవలసినది, అవసరమైనప్పుడు లేచి పనిచేసి మళ్ళీ పడుకునేది. దాన్ని 4 చేస్తే దానిమీద ఆధారపడిన ఏ కొత్త ప్రోగ్రామూ ఎక్కదు. మాన్యువల్ అంటే అక్కరలేనిదని నేను చెప్పుకున్న అర్థం ఎంత తెలివితక్కువదో అప్పుడు తెలిసింది.

అయితే జాతకాన్ని కూడా కళ్ళుమూసుకుని నమ్మరాదు. ఆ ప్రతిలో మెసెంజర్ అనే సర్వీసు ఆటోమేటిక్ అని ఉంది. దాని గుండా ప్రకటనల కిటికీలు జొరబడి జనాన్ని విసిగించడంతో, 2004లో వచ్చిన రెండవ సర్వీస్ ప్యాక్ దాన్ని మూసేసింది. బాబాయి కంప్యూటరులో ఆ ప్యాక్ ఉంది. కనుక మెసెంజర్‌ను మూసినట్టే ఉంచాను. మరొక వైపు, రిమోట్ ప్రొసీజర్ కాల్ అనే సర్వీసు గుండానే 2003 ఆగస్టులో బ్లాస్టర్ పురుగు లోకమంతా పాకింది. ఆ భయంతో దాన్నే ఆపేసినవారున్నారు. దానిమీద ఆధారపడిన సర్వీసులు డజన్లకొద్దీ ఉన్నాయి, స్పూలర్ కూడా వాటిలో ఒకటే. దాన్ని ఆపితే, తిరిగి లేపడానికి తెరవవలసిన కిటికీలే సరిగా తెరుచుకోవు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. కంతకు మందు సవరణ గాని సర్వీసును చంపడం కాదు.

డిఫాల్ట్ అనే మాటకు తెలుగులో అప్రమేయం అన్న మాటను వాడుతున్నారు. సంస్కృతంలో అప్రమేయమంటే కొలతకు అందనిది. విష్ణు సహస్రనామాల్లో అదొక పేరు. తెలుగులో మాత్రం "ఇందులో నా ప్రమేయం లేదు" అంటే నా జోక్యం లేదని అర్థం. ఆ లెక్కన మన చెయ్యి పడకుండా ఉన్న స్థితి అప్రమేయం. మాట బాగానే కుదిరింది. కాని మొన్న నాకు తట్టిందేమిటంటే, మన ప్రమేయం లేకపోవచ్చు గాని ఎవరి ప్రమేయమూ లేని స్థితంటూ యంత్రంలో ఉండదు. ఎవరో కూర్చుని ఆలోచించి దీన్ని 2గా, దాన్ని 3గా పెట్టారు. తరువాత తమ పొరపాటు తెలిసి 4గా మార్చారు. మార్చినప్పుడు ఫలానా ప్యాక్‌లో ఫలానాది మార్చామని చెప్పారు. వారికీ నాకూ ఉన్న తేడా అదే.

పటమటకు ఆనుకునే ఆటోనగర్ ఉంది. అక్కడ లారీ ఇంజను విప్పే మేస్త్రీని ఎప్పుడైనా గమనించండి. విప్పిన భాగాలను గోనెపట్టా మీద విప్పిన వరుసలోనే పేరుస్తాడు. బిగించేటప్పుడు ఆ వరుసను వెనుకనుంచి చదువుకుంటాడు. బోల్టు మిగిలిపోతే లారీ కదలనివ్వడు. నాలాంటి వాళ్ళం, కంప్యూటరు తెలుసన్న పేరు మోసినవాళ్ళం, బంధువుల ఇళ్ళకు వెళ్ళినప్పుడల్లా చెయ్యి దురదతో ఏదో ఒకటి విప్పి వస్తాం. గోనెపట్టా పరిచే అలవాటు మాత్రం లేదు.

పరవడానికి పెద్ద శ్రమ కూడా లేదు. సర్వీసుల కిటికీలో ఎక్స్‌పోర్ట్ లిస్ట్ అని ఉంటుంది, నొక్కితే మొత్తం జాబితా ఒక ఫైలుగా దిగుతుంది. మార్చే ముందు ఒకటి, మార్చాక ఒకటి దాస్తే చాలు. ఎక్స్‌పీ రికవరీ కన్సోల్‌లో ఒక సర్వీసును ఆపమని ఆజ్ఞాపిస్తే, ఆపే ముందు అది అంతవరకు ఏ స్థితిలో ఉండేదో తెరమీద చూపిస్తుంది, మళ్ళీ కావలసివస్తే ఉంటుందని. యంత్రానికున్న పాటి ముందుచూపు మనకుండవద్దా?

మొత్తం పని రెండు సాయంత్రాలు పట్టింది. అటకమీది ప్రింటరు దించి తుడిచాం. దానితో వచ్చిన సీడీ అట్టపెట్టెలోనే ఉంది. మొదటి కాగితం మీద ఒక నల్లచార పడింది, నాలుగోదానికి తేటపడింది. బాబాయి ఆ కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది నాకు.

బయలుదేరే ముందు పిన్ని సగం రాసి వదిలేసిన నోటుపుస్తకం చివరి పుటల్లో, మార్చిన పధ్నాలుగు సర్వీసుల పేర్లూ, పాత అంకె, కొత్త అంకె, తేదీ, కారణం వరుసగా రాశాను. అడుగున 2006లో వీటిని ఆపింది నేనేనని రాసి సంతకం చేశాను. "ఇదంతా ఎవరు చదువుతార్రా?" అన్నాడు బాబాయి. ఈసారి దాని ముందు కూర్చునేవాడు చదువుతాడన్నాను.